లొవెల్ పెట్టిన మట్టం

సంత మైదానంలోకి ట్రక్కు తిరగగానే ఆర్డిస్‌కు ముందు కనిపించినవి మడత కుర్చీలు. ఒక్కో ట్రెయిలర్ ముందు రెండేసి కుర్చీలు, వాటిలో కాఫీ కప్పులు పట్టుకున్న ముసలివాళ్ళు, అందరి మొహాలూ దారి వైపే. ఏటా చక్కెర దుంపల కోతకు ఉత్తర డకోటాకు వచ్చే ఈ సంచారులకు సాయంత్రం పూట ఇంతకు మించిన వినోదం లేదు. కొత్తగా వచ్చినవాళ్ళు ట్రెయిలర్‌ను వెనక్కి నడిపి తమ చోటులో పెట్టుకోవడం, వెనక్కి రమ్మన్నావా ఆగమన్నావా అని మొగుడూ పెళ్ళాలు తగువులాడుకోవడం చూస్తుంటే పొద్దు తెలియదు. ఆర్డిస్ కూడా ఏళ్ళ తరబడి ఆ కుర్చీల్లో కూర్చుని కడుపుబ్బా నవ్విన మనిషే. ఇప్పుడు నవ్వించే వంతు తనదైంది.

పక్క సీటులో లొవెల్ లేడు. మొన్న చలికాలంలో, మంచు కరగకముందే పోయాడు. అతను వెనక్కి నడపడం, ఆమె కింద నిలబడి చేతులు ఊపడం ఇన్నాళ్ళూ జరిగిన పద్ధతి. ఇప్పుడు చేతులు ఊపేవాళ్ళు లేరు, నడపాల్సింది ఆమే.

ఈ ఒక్క కోతకాలం చూస్తానని చెల్లెలు మార్లిస్‌కు మాటిచ్చి వచ్చింది ఆర్డిస్. తనంతట తాను బండి నిలబెట్టుకుని, పని చేసుకుని, రాత్రి కంటినిండా నిద్రపోగలిగితే సరే. లేదంటే బండి అమ్మేసి బిస్మార్క్‌లో మార్లిస్ ఇంటికి పోవాలి. మార్లిస్ అప్పుడే కింది గదికి రంగు వేయించింది, పరుపు కూడా కొన్నది. మంచి మనసుతో కొన్న పరుపే గాని, దాని మాట తలుచుకుంటేనే ఆర్డిస్‌కు ఊపిరాడేది కాదు. ఈ ట్రెయిలర్ ఆమెకు ఇల్లు. లొవెల్‌తో గడిపిన చివరి తొమ్మిదేళ్ళూ దాని గోడల మధ్యే గడిచాయి.

అది ఫిఫ్త్ వీల్ రకం ట్రెయిలర్. మామూలు వాటిలా వెనక తోకలా రాదు. మెడ చాపి ట్రక్కు వీపు మీద గడ్డం ఆనించుకుని వస్తుంది. ఆ మెడలోనే పడక గది. మంచం తల వైపు ముక్కు కొసకు ఉంటుంది. అంత పెద్ద బండి గతుకుల నేల మీద సమంగా నిలబడాలంటే ముందు కుడి ఎడమలు సరిచూసుకోవాలి, చక్రాలకు అడ్డు పెట్టాలి, ఆ తర్వాతే ముందు కాళ్ళు దింపి ట్రక్కును విడిపించాలి, ముక్కును పైకో కిందికో జరపాలి. ఈ వరసలో ఒక్కటి తప్పినా బండి దొర్లిపోతుంది, లేదా మెడ విరుచుకుని ట్రక్కు మీద పడుతుంది. అందుకే ఈ విడిదుల్లో ఒక మర్యాద ఉంది. బండి పెట్టుకుంటున్న మనిషితో ట్రక్కు విడివడేదాకా ఎవరూ మాట్లాడరు. పలకరింపుకు బదులు పలకబోయి చక్రాలకు అడ్డు పెట్టడం మరిచినవాళ్ళ కథలు ప్రతి విడిదిలోనూ ఉన్నాయి.

ఆ మర్యాద పాటించడం పక్క బండి డెల్బర్ట్‌కు ప్రాణసంకటం. బతుకంతా బిలియర్డ్స్ బల్లలు బిగించినవాడు. వాలుగా ఉన్నది ఏది చూసినా అతని చేతులు దురద పెడతాయి. ఆర్డిస్ చోటు కుడి పక్కకు బాగా వాలి ఉంది. డెల్బర్ట్ కుర్చీలోంచి లేవబోవడం, భార్య నోరీన్ అతని చొక్కా పట్టి కూర్చోబెట్టడం అద్దంలో కనబడుతూనే ఉంది ఆర్డిస్‌కు.

కుడి చక్రాల వెనక చెక్కలు పరిచి వాటి మీదికి నడిపింది. చక్రాలు చెక్కలు దాటి అవతల దిగాయి. మళ్ళీ ముందుకు వచ్చి మళ్ళీ ఎక్కించింది, ఈసారి చాలలేదు. ఇంకో చెక్క వేసి ఎక్కించాక, బండి ముఖం మీద అతికించి ఉన్న, మట్టం చూపే గాజు గొట్టంలోని బుడగ నడిమికి వచ్చింది. "చూశావా?" అన్నది ఆర్డిస్, లొవెల్‌తో. చక్రాలకు రెండు వైపులా అడ్డు దిమ్మలు తన్ని బిగించింది. ముందు కాళ్ళు నేలకు దించింది. ఇక ట్రక్కునూ ట్రెయిలర్‌నూ కలిపి ఉంచే కొండీ పిడి లాగి, ట్రక్కెక్కి ముందుకు పోవడమే.

పిడి మీద చెయ్యి వేసిందో లేదో కుర్చీల్లో ఎవరో దగ్గారు. వెంటనే ఇంకొకరు. ఆ వెనక మైదానమంతా ఒక్కసారే దగ్గడం మొదలుపెట్టింది. నోరీన్ అయితే గుండెలు చేత్తో పట్టుకుని మరీ దగ్గింది. ఆర్డిస్ బిత్తరపోయి చుట్టూ చూసింది. అప్పుడు కనబడింది. ట్రక్కు వెనక తలుపు దించలేదు. అలాగే ముందుకు పోనిచ్చి ఉంటే ట్రెయిలర్ మెడ దానికి తగులుకుని తలుపు తునాతునకలయ్యేది.

తలుపు దించింది. దగ్గులు టక్కున ఆగిపోయాయి.

ట్రక్కు విడివడి ఇంజను ఆపగానే అందరూ చప్పట్లు కొట్టారు. నోటికి తాళం తీసినట్టు ఒక్కసారే మాటలు మొదలయ్యాయి. ఒకావిడ మాంసం, కూరగాయలు కలిపి పొయ్యిలో కాల్చిన హాట్‌డిష్ పళ్ళెం వేడివేడిగా తెచ్చి చేతిలో పెట్టింది. పైన బంగాళాదుంప ముక్కలు ఇంకా బుసబుసలాడుతున్నాయి. లొవెల్ మాట ఎవరూ ఎత్తలేదు గాని, అందరూ ఆమె భుజం మీద ఒక చెయ్యి వేసి వెళ్ళారు.

సామాను అరలో, కాళ్ళు కదిపే మీట పక్కన, లొవెల్ బిగించిన రెండో బుడగ ఉంది. ముందూ వెనకా సరిచూసుకునేది అదే. చిన్న ఓక్ చెక్క పీట మీద కూర్చోబెట్టి, నున్నగా వార్నిష్ పూసి, రెండు మరలతో బిగించాడు. మీట నొక్కి ఆ బుడగ నడిమికి వచ్చేదాకా ముక్కు పైకెత్తింది ఆర్డిస్. అప్పటికి డెల్బర్ట్ ఓపిక పూర్తిగా అయిపోయింది. తన పొడుగాటి రసమట్టం చంకన పెట్టుకుని వచ్చేశాడు.

"ఆర్డిస్, ఏమీ అనుకోకు. నీ బండి ముక్కు ఎత్తుగా ఉంది."

"బుడగ నడిమధ్యన ఉంది కదయ్యా, చూడు."

"బుడగ నడిమధ్యనే ఉంది. ఆ బుడగే వంకర." అతను లోపలికి పోయి రసమట్టం నేల మీద పెట్టి ఆమెను పిలిచాడు. "ఇదిగో, నీ కళ్ళతో నువ్వే చూసుకో. ముందు వైపు జానెడు లేచింది. ఇన్నాళ్ళూ ఇట్లాగే ఉన్నారా మీరు?"

"లొవెల్ పెట్టిందది. లొవెల్ వంకరగా పెట్టడు."

"అందరూ చేసే పొరపాటేనమ్మా. బండి కొన్న రోజు ఉత్సాహం ఆగదు. అంగడి వాకిట్లోనే అతికించేస్తారు, ఆ వాకిలి వాలుగా ఉందేమో అని ఒక్కడూ చూడడు. తర్వాత జన్మంతా ఆ వాలులోనే కాపరం."

"డెల్బర్ట్!" నోరీన్ గుమ్మంలోంచి అరిచింది. "పాపం ఆవిడ ఇంకా కూర్చోనన్నా లేదు. నీ రసమట్టంతో నీ నోటికొక అడ్డు పెట్టుకో."

"నిజం చెప్పడం కూడా తప్పేనా?"

"నువ్వు చెప్పేది ఎప్పుడూ తప్పే."

ఆర్డిస్ నవ్వింది గాని ఆ మాట లోపల గుచ్చుకుంది. లొవెల్ ఊరంతా తలుపులు బిగించిన వడ్రంగి. అతను పెట్టిన తలుపు సగం తెరిచి వదిలితే సగంలోనే నిలబడేది, దానంతట అది తెరుచుకునేదీ కాదు, మూసుకునేదీ కాదు. అలాంటి మనిషి తన ఇంటికి తాను వంకర బుడగ బిగించుకున్నాడా? డెల్బర్ట్ మీట నొక్కి ముక్కును కిందికి దించుతుంటే ఆమె ఆ పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. బుడగ పీకేసి కొత్తది పెడతానని అతనన్నప్పుడు మాత్రం, "దాని జోలికి పోకు, ఉండనీ" అన్నది.

మర్నాడు పొద్దున గుడ్డు తీసి వంట గట్టు మీద పెడితే పెట్టిన చోటనే ఉంది. ఇన్నేళ్ళుగా ఆ గట్టు మీద పెట్టిన ప్రతి గుడ్డూ వెనక్కి దొర్లేది. ఆమె దాన్ని పట్టుకోవడానికి పరుగెత్తితే, "గుండ్రంగా పుట్టింది పాపం, దొర్లకేం చేస్తుంది" అనేవాడు లొవెల్. పెనం మీద పోసిన పాన్‌కేక్ కూడా ఈ పూట అన్ని వైపులా ఒకే మందాన వచ్చింది. ఎప్పుడూ ఒక పక్క లావుగా, ఒక పక్క కాగితంలా వచ్చేది. "నీ చెయ్యి వాటం అంత" అని ఏడిపించేవాడు. అంటే ఇన్నాళ్ళూ తప్పు తన చేతిది కాదన్నమాట. అందుకు సంతోషించాల్సింది పోయి, ఆ చక్కని అట్టు చూస్తే ఏడుపొచ్చింది ఆర్డిస్‌కు.

పని మొదలైంది. పొలాల నుంచి లారీలు దుంపలు తెచ్చి పోస్తుంటే అవి కొండలా పెరుగుతాయి. లారీలకు చేతులూపి దారి చూపడం, మచ్చుకు కొన్ని దుంపలు సంచిలో పట్టడం ఆర్డిస్ పని. నది మీది నుంచి వచ్చే గాలి ఎముకలు కొరుకుతుంది. బురద కాళ్ళకు సేర్లకు సేర్లు అంటుకుంటుంది. అయినా ఆమెకు ఆ పని ఇష్టం. ఇబ్బంది పనితో కాదు, నిద్రతో వచ్చింది.

పడుకున్న కాసేపటికే ఛాతీలో మంట. పుల్లటి నీళ్ళు గొంతులోకి ఎగదన్నడం, ఉలిక్కిపడి లేచి కూర్చోవడం, కళ్ళలో నీళ్ళు తిరిగేలా దగ్గడం. ఇది కొత్త రోగం కాదు. ఆరేళ్ళ కింద ఒకసారి పట్టుకుని పీల్చి పిప్పి చేసింది. దాన్ని తానే వదిలించుకున్నానని ఆర్డిస్ నమ్మకం. ఆపిల్ వెనిగర్‌లో తేనె కలిపి పరగడుపున ఒక గుక్క. బట్టలుతికే చోట ఎవరో చెప్పిన చిట్కా అది. మొదలుపెట్టిన కొన్నాళ్ళకే దగ్గు మాయమైంది. అప్పట్నుంచీ డాక్టర్లంటే ఆమెకు చులకన. ఏ విడిదికి వెళ్ళినా, ఎవరు తుమ్మినా దగ్గినా సీసా పట్టుకుని తయారయ్యేది. లొవెల్ పక్కన నిలబడి, ఎంతో శ్రద్ధగా, అవునవునని తల ఊపేవాడు.

ఇప్పుడు అదే మందు గుక్కకు రెండు గుక్కలు తాగింది. మంట రెండింతలైంది.

"నీ గొంతేంటి, కాకిలా ఉంది?" అన్నది మార్లిస్ ఫోన్‌లో.

"చలిగాలి."

"చలిగాలీ కాదు, గాడిదగుడ్డూ కాదు. నిద్రపోతున్నావా లేదా, అది చెప్పు."

"పని ఉంది, పెట్టేస్తున్నా" అన్నది ఆర్డిస్. చెల్లెలికి ఆ మాట చాలు.

నోరీన్ రోజూ సాయంత్రం వచ్చి కూర్చునేది. ఆమెకూ ఇదే బాధ. సుద్దబిళ్ళల్లాంటి మాత్రలు జేబునిండా పోసుకుని వేరుశనగల్లా నమిలేది. "డాక్టరేమో తలకింద ఎత్తు పెట్టుకోమంటాడు. మా ఆయన దిండ్లు మోసుకొస్తాడు. నేను పడుకుంటానా? శవపేటికలో తల ఎత్తి చూపుకి పెట్టినట్టు. ఛీ!" అన్నదొక రోజు. ఆర్డిస్ గట్టిగా తల ఊపింది. ఆరేళ్ళ కింద తానూ అచ్చం అదే మాట అన్నది. అప్పుడు మైనాట్‌లో డాక్టరు మంచం తల వైపు ఎత్తు చేయమంటే, లొవెల్ ఎంతో ముచ్చటగా రెండు ఓక్ దిమ్మలు చెక్కి మంచం కింద పెట్టాడు. ఒక్క రాత్రి పడుకుని, పొద్దున్నే, "నన్నప్పుడే సాగనంపుతున్నావా?" అని అతని మీద విరుచుకుపడి, ఆ దిమ్మలు తీసుకెళ్ళి చలిమంటలో పారేసింది. లొవెల్ కర్రతో నిప్పులు కెలుకుతూ కూర్చున్నాడు. ఆ కోపం తర్వాత ఆమెకు సిగ్గనిపించింది గాని, వెనిగర్ పనిచేశాక ఆ సిగ్గు కూడా మరిచిపోయింది.

నిద్ర లేని రాత్రులు మనిషిని తినేస్తాయి. ఒక పూట కళ్ళు మూతలు పడి, లారీకి ఆగమని చెయ్యి చూపాల్సిన చోట రమ్మని చూపింది. డ్రైవరు చూసుకుని ఆపాడు కాబట్టి సరిపోయింది. పని చూసే మేస్త్రీ తిట్టలేదు. "పెద్దదానివి, ఒంట్లో బాగాలేకపోతే ఇంటికెళ్ళమ్మా" అన్నాడు మెత్తగా. తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రమే మార్లిస్‌కు ఫోన్ చేసి ఆదివారం వస్తున్నానని చెప్పింది. చెప్పి, మంచం మీద కూర్చుని గోడలు తడిమి చూసింది. "నా వల్ల కాలేదు లొవెల్" అన్నది పైకే.

శుక్రవారం వాన దంచికొట్టింది. వానలో దుంపలు తవ్వరు, అందరికీ సెలవు. డెల్బర్ట్, నోరీన్ మాసిన బట్టలు మూట కట్టుకుని ఊళ్ళోకి పోయారు. మధ్యాహ్నానికి కాస్త తెరిపిచ్చింది గాని నేల నాని ముద్దయింది. బండి ముందు కాళ్ళు చెక్కలతో సహా బురదలోకి దిగబడి ముక్కు కిందికి వంగిపోయింది. స్నానాల గదిలో నీళ్ళు ఎదురు వచ్చి పడక గది మెట్టు తడిపాయి. రెండు రోజుల్లో ఎలాగూ పోయేదే గాని, అప్పటిదాకా తలకిందులుగా పడుకోవడం కుదరదు కదా. ఆర్డిస్ రబ్బరు బూట్లు వేసుకుని దిగింది. కాళ్ళ కింద పాత చెక్కలు లాగేసి వెడల్పాటివి తోసి, మీట నొక్కింది. ఎంత ఎత్తాలో తెలియాలంటే డెల్బర్ట్ రసమట్టం కావాలి. అది అతని ట్రక్కులో ఊళ్ళో ఉంది. ఇక్కడున్నది లొవెల్ బుడగ ఒక్కటే.

"వంకరైతే వంకరే. పోయే రెండు రోజులైనా నువ్వు పెట్టిన మట్టంలోనే ఉంటాను" అన్నది. బుడగ నడిమికి వచ్చింది. మీట వదిలింది.

ఆ సాయంత్రం వెనిగర్ తాగలేదు. తాగుదామన్నా లేదు, మిగిలిన సీసా నోరీన్‌కు ఇచ్చేసింది. పడుకుంది. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి కిటికీ తెర పసుపుపచ్చగా వెలుగుతోంది. ఫోన్ మోగుతోంది.

"సామాను సర్దావా?" అన్నది మార్లిస్. "అదేంటి, నీ గొంతు బాగుందే?"

"తర్వాత చేస్తాను" అని పెట్టేసింది ఆర్డిస్. గొంతు తడుముకుంది. మంట లేదు, పులుపు లేదు, దగ్గు లేదు. రాత్రి ఒక్కసారైనా లేచినట్టు గుర్తు లేదు. వెనిగర్ తాగకుండానే.

కాఫీ పెట్టుకుని అట్లకు పిండి కలుపుదామని గుడ్డు తీసి గట్టు మీద పెట్టింది. గుడ్డు కాసేపు ఆలోచించుకున్నట్టు ఆగి, మెల్లగా వెనక్కి దొర్లింది. గట్టు అంచున పట్టుకుంది ఆర్డిస్. పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత గుడ్డు చేత్తోనే పట్టుకుని, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే బురదలోకి దిగింది.

సామాను అర తెరిచి, మర తిప్పేది తీసుకుని బుడగ కింది ఓక్ పీటను ఊడదీసింది. అరచేతిలో పెట్టుకుని వేళ్ళతో తడిమింది. ఒక కొస పల్చగా ఉంది, రెండో కొస అంతకంటే గోరు మందం ఎక్కువ ఉంది. ఆ కొస నుంచి ఈ కొసకు ఎక్కడా గరుకు లేకుండా, గీత గీసినట్టు వాలుతూ వచ్చింది. పొరపాటున ఎవరూ ఇలా చిత్రిక పట్టరు. తిప్పి అడుగు భాగం చూసింది. అక్కడ వార్నిష్ లేదు. ఒక మూల చెక్క నల్లగా కాలి, బొగ్గులా పగిలి ఉంది. ఆ మూలను మాత్రం అతను ఉలితో ముట్టుకోలేదు.

నిప్పుల్లోంచి తీశాడు. ఆమె పారేసిన దిమ్మను కర్రతో కెలుకుతూ బయటికి లాగి, చల్లార్చి, దాచుకుని, చెక్కాడు. మంచం ఎత్తితే ఊరుకోదని ఇల్లే ఎత్తాడు. ఎక్కడికి వెళ్ళినా, ఏ గతుకు నేలలో దిగినా, ఆమె చేతులూపుతుంటే వెనక్కి నడిపి, చక్రాలకు అడ్డు పెట్టి, ఈ బుడగ చూసి, ఆమె తల కింద జానెడు ఎత్తు పెట్టాడు. ఆరేళ్ళూ పెట్టాడు.

"దొంగ!" అని అరిచింది ఆర్డిస్. "దొంగ మొహమా! ఊళ్ళన్నీ తిప్పి అందరి చేతా వెనిగర్ తాగించానే! ఒక్క మాట చెప్పొద్దా!"

అప్పుడే కాఫీ కప్పుతో బయటికి వచ్చిన డెల్బర్ట్ అలాగే ఆగిపోయాడు. ఒక చేత్తో గుడ్డు, ఒక చేత్తో చెక్కముక్క పట్టుకుని, బురదలో చెప్పులతో నిలబడి, ఏడుస్తూ పగలబడి నవ్వుతున్న మనిషిని ఏమని పలకరించాలో అతనికి తెలియలేదు.

"ఆర్డిస్... నేనేమన్నా చేశానా?"

"ఇలా రా. నువ్వు ఒక్కడివే రా. నోరీన్ లేచిందా?"

"ఇప్పుడే పడుకుంది. రాత్రంతా దగ్గుతూనే ఉంది."

చెక్కముక్క అతని చేతిలో పెట్టి జరిగింది చెప్పింది. డెల్బర్ట్ దాన్ని కంటికి ఆనించుకుని ఈ కొస నుంచి ఆ కొసకు చూశాడు. వేలితో రుద్దాడు. తర్వాత టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"వంకర అన్నాను కదూ నేను."

"అన్నావు."

"ఇంత కచ్చితమైన పని నేను ఏ బల్లకూ చేయలేదు. దణ్ణం పెట్టాలి ఆ మనిషికి." కాస్త ఆగి అన్నాడు, "కొత్త బుడగ ఒకటి తెచ్చాను నీ కోసం ఊళ్ళోంచి. జేబులో ఉంది."

"ఇక్కడ బిగించావంటే వేళ్ళు విరుస్తాను."

"అదే అనుకున్నాను."

ఆర్డిస్ అతని బండి వైపు చూసింది. అదీ ఫిఫ్త్ వీలే. మంచం తల వైపు అదీ ముక్కు కొసకే. ఆ బండి నేల మీద గోళీ పెడితే కదలదు. అదే డెల్బర్ట్ గొప్ప.

"నీ దగ్గర ఓక్ చెక్క ఉందా?" అని అడిగింది.

డెల్బర్ట్‌కు సంగతి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థం కాగానే మొహం పాలిపోయింది. "నా బండా? వంకరగానా?"

"వంకరగానే."

"ఆర్డిస్, అందరూ నవ్వుతారు. నేను... రసమట్టం పట్టుకుని ఊరి మీద పడేవాణ్ణి నేను."

"నోరీన్‌కు చెప్పావంటే మాత్రం పనికిరాదు. తెలిస్తే ఒక్క రాత్రి కూడా పడుకోదు. ఆ జాతి నాకు బాగా తెలుసు."

అతను టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. చెక్కముక్క ఆమెకు తిరిగి ఇచ్చేముందు దాని వాలును తన చూపుడు వేలి గోరుతో కొలుచుకున్నాడు. తన పనిముట్ల పెట్టె వైపు నడిచాడు.

ఆర్డిస్ పీటను యథాస్థానంలో బిగించి, మరలు ఒక చుట్టు ఎక్కువే తిప్పింది. మార్లిస్‌కు ఫోన్ చేసింది. "ఆ గదిలో నువ్వే పడుకో. పరుపు బాగుంటుంది. నేను రావడం లేదు."

"ఏం జరిగింది? మొన్నేగా వస్తానన్నావు!"

"లొవెల్ ఉండమన్నాడు" అన్నది. అక్కకు మతి పోయిందని మార్లిస్ అనుకుని ఉంటుంది. అనుకోనీ.

నేల ఆరి కోత మళ్ళీ సాగింది. దుంపల కొండ ఇంకా పెరిగింది. చివరి ఆదివారం పొద్దున విడిదిలో అందరూ కలిసి తినడం ఆనవాయితీ. నోరీన్ అట్ల పళ్ళెం మోసుకుంటూ వచ్చింది. బుగ్గల్లో రంగు తిరిగింది, జేబులో మాత్రల గలగల లేదు.

"అందరూ వినండి," అన్నది పళ్ళెం దించి. "డాక్టర్లూ వద్దు, దిండ్లూ వద్దు. ఆర్డిస్ ఇచ్చిన తేనె. ఈసారి వెనిగర్ మానేసి వట్టి తేనె నాకమంది. రోజూ ఒక చెంచా. దగ్గు పోయిందా లేదా, అడగండి మా ఆయన్ని!"

"పోయింది," అన్నాడు డెల్బర్ట్ తన బూట్లు చూసుకుంటూ.

"అట్లు మాత్రం ఎందుకో ఈమధ్య సరిగా రావడం లేదు. చూడండి, ఒక పక్క లావు, ఒక పక్క కాగితం. గుడ్లయితే కాళ్ళొచ్చినట్టు పోతున్నాయి."

డెల్బర్ట్ తల ఎత్తాడు. "నీ చెయ్యి వాటం అంత" అన్నాడు.

నోరీన్ గరిటె ఎత్తింది, అతను కుర్చీ వెనక్కి జరిపాడు, అందరూ నవ్వారు. ఆర్డిస్ నవ్వలేదు. ఎంతో శ్రద్ధగా, అవునవునని తల ఊపింది. అలా ఊపుతున్నప్పుడు తెలిసింది ఆమెకు, చెప్పకుండా ఊరుకోవడంలో ఎంత సంతోషం ఉందో. ఆరేళ్ళు తన పక్కన నిలబడి ఈ సంతోషాన్ని లొవెల్ ఒక్కడే తిన్నాడు. ఇవాళ అందులో ఆమెకూ వాటా దొరికింది. పళ్ళెంలోంచి అన్నిటికంటే వంకరగా ఉన్న అట్టు ఏరుకుని వేసుకుంది.